అన్న రైలు కార్డు, ఫోటో మీద సగం సీలు

మా అన్న తాటిచెట్టు మీద నుంచి పడి మూడేళ్లయింది. నడుము కింద కదలిక లేదు. రెండు నెలలకోసారి మద్రాసు ఆసుపత్రిలో చూపించాలి. మాది కావలి దగ్గర పల్లె. మొదట్లో కారు మాట్లాడుకుని పోయేవాళ్లం. అప్పులు పెరిగాక రైలు గుర్తొచ్చింది.

ముసలోళ్లకు సగం టికెట్టేనని అమ్మకు గట్టి నమ్మకం. కౌంటర్లో అడిగితే నవ్వి, అది ఎప్పుడో పోయిందన్నారు. 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం, 60 దాటిన మగవాళ్లకు 40 శాతం ఉండేది, 2020 మార్చిలో ఎత్తేశారు. మళ్లీ ఆయనే వీల్‌చైర్ వైపు చూసి, "మీ అబ్బాయికి మాత్రం ముప్పావు వంతు తగ్గుద్ది, తోడొచ్చేవాళ్లకీ అంతే. రైల్వే దివ్యాంగుల కార్డు తీసుకోండమ్మా" అన్నాడు.

అన్నకు సదరం సర్టిఫికెట్ ఉంది, దాంతోనే పింఛను వస్తోంది. అది చాలనుకున్నా. చాలదు. రైల్వే నమూనాలోనే ప్రభుత్వ డాక్టరు సంతకం చేసిన రాయితీ సర్టిఫికెట్ విడిగా కావాలి. కాళ్లు పనిచేయని వాళ్లయితే "తోడు లేకుండా ప్రయాణించలేరు" అన్న మాట అందులో ఉండాలి. ఆ మాట లేకుంటే తోడుకే కాదు, అన్నకు కూడా రాయితీ లేదు.

ఫారం పట్టుకుని, అన్నను ఆటోలో పడుకోబెట్టి ప్రభుత్వ ఆసుపత్రికి పోయాం. రెండు గంటలు లైన్లో ఉన్నాక డాక్టరు గారు తల ఎత్తకుండా సంతకం పెట్టి, కింద సీలు కొట్టి పంపించారు. నెట్ సెంటర్లో ఆధార్, ఫోటో, రెండు సర్టిఫికెట్లూ రైల్వే దివ్యాంగుల వెబ్‌సైట్‌లో ఎక్కించా. మా స్టేషన్ విజయవాడ డివిజన్ కిందికి వస్తుంది కాబట్టి పరిశీలన అక్కడే. కొన్నాళ్లకు తిరస్కరించామని వచ్చింది. సీలు సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలంట. మాది కాగితం మీదే ఉంది.

రెండోసారి పోతే డాక్టరు సెలవు. మూడోసారి దొరికారు, సీలు ఫోటో అంచు మీద సరిగ్గానే కొట్టారు. ఫోటో నున్నటి కాగితం, సిరా ఆరలేదు. నేను తొందరపడి మడిచా. విప్పి చూస్తే అన్న చెంప మీద ఊదారంగు మరక, సీల్లో ఒక్క అక్షరం కనపడదు. అదృష్టం కొద్దీ జేబులో ఇంకో ఫారం, ఇంకో ఫోటో ఉన్నాయి. డాక్టరు గారు "ఏందబ్బయా నీ గోల" అంటూనే మళ్లీ కొట్టారు. ఈసారి ఫ్యాను కింద పావుగంట పట్టుకుని నిలబడ్డా.

ప్రయాణికులకు సగటున 46 శాతం సబ్సిడీ ఇస్తున్నామని, 2022-23లో అది 56,993 కోట్ల రూపాయలని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ పార్లమెంటులో చెప్పారు. అంటే కాళ్లూ చేతులూ ఆడే నాకు కూడా ఆ సాయం వస్తోంది, అదీ అడక్కుండానే. అన్నకు ఆ పైన రావాల్సిన దానికే మూడుసార్లు మోసుకుపోవాల్సి వచ్చింది. సదరం శిబిరంలో ఒకసారి చూసిన కాళ్లను మళ్లీ చూడ్డమెందుకో నాకింకా అర్థం కాలేదు.

కార్డు వచ్చింది. దాని నంబరుతో ఇంటి దగ్గరే ఫోన్లో టికెట్ తీసుకోవచ్చు, ప్రయాణంలో అసలు కార్డు చేతిలో ఉండాలి. 75 శాతం తగ్గేది మూల చార్జీలోనే. రెండో తరగతి సీటుకు రిజర్వేషన్ 15, సూపర్‌ఫాస్ట్ 15 రూపాయలు మామూలే. ఏసీ టూటైర్ అయితే రాయితీ సగమే.

పోయిన నెల పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ముగ్గురం పోయాం. తోడు రాయితీ ఒక్కరికే కదా, అది అమ్మకు ఇచ్చాం, నాది పూర్తి టికెట్. పోయిన సగం టికెట్టుకు బదులు పావు టికెట్టు వచ్చిందని అమ్మ కావలి నుంచి గూడూరు దాకా ఒకటే సంబరం. మా ఊరి నుంచి స్టేషన్‌కు ఆటో వాడు తీసుకున్నది మాత్రం వాళ్లిద్దరి రైలు టికెట్ల కంటే ఎక్కువ.