నా కవర్ జీతానికి బ్యాంకు కట్టిన వెల

మొన్న శుక్రవారం మా ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయింది. పదకొండున్నరకి స్లాట్. వేలిముద్రలు, ఫొటో, సంతకాలు అన్నీ కలిపి ముప్పావు గంటలో బయటపడ్డాం. అందరూ నన్ను భయపెట్టిన ఆఫీసు అదే, ఏ గొడవా లేకుండా పనైపోయిన చోటూ అదే. నన్ను ఏడిపించింది వేరే. మంట చల్లారకముందే రాసేయాలి. నాలుగు నెలలు పోతే నేనూ మా చుట్టాల్లాగే "దేవుడి దయవల్ల అన్నీ కలిసొచ్చాయి" అనేస్తాను.

నేను ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్ని. పద్నాలుగేళ్ళుగా ఒకటే బడి. మా ఆయన జీడిమెట్లలో ఫార్మా కంపెనీలో మెయింటెనెన్స్. ఆయన చేతికొచ్చేది 52 వేలు, నాది 28 వేలు. అయితే నాకు ఏడాదికి పది నెలలే జీతం, వేసవి సెలవుల పేరు చెప్పి రెండు నెలలు ఎగ్గొడతారు. అంటే ఇంటికి ఏడాదికి వచ్చేది 9 లక్షల 4 వేలు. నిజాంపేటలో 15 వేల అద్దె ఇల్లు. ఒక కూతురు, ఏడో తరగతి.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. 1994లో వరంగల్లో లక్షా పాతిక వేలతో ఇల్లు కట్టారు. అప్పుడు ఆయన జీతం ఏడాది మొత్తానికి 40 వేల లోపు. మూడేళ్ళ జీతం పైచిలుకుతో ఇల్లు లేచింది, అమ్మ ఉద్యోగం చేయకపోయినా. ఈ లెక్క మనసులో పెట్టుకునే నేను వెతకడం మొదలుపెట్టాను. అదే నా మొదటి తెలివితక్కువ పని.

ముందు మాకు నచ్చింది 1,080 ఎస్‌ఎఫ్‌టీ, ఏడేళ్ళ పాత ఫ్లాటు. బేరం 56 లక్షల దగ్గర ఆగింది. మా ఏడాది సంపాదనకి ఆరు రెట్లు పైనే. పక్క ఫ్లాటు అచ్చం అలాంటిదే 15 వేలకి అద్దెకుంది. ఏడాదికి లక్షా 80 వేలు, అంటే 56 లక్షల మీద 3.2 శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకన్నా ఎక్కువిస్తుంది. "లెక్క నువ్వే చెప్తున్నావు, మరి కొనడమెందుకు?" అన్నారు మా ఆయన. దానికి నా దగ్గర లెక్కలేదు. పదేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాం, నాలుగోసారి ఓనరు పదిహేను రోజుల్లో ఖాళీ చేయమన్నాడు, అప్పుడు పాపకి పరీక్షలు. అంతే.

సరే, బయానా ఇద్దామని కూర్చున్నాక ఆ ఓనరు నెమ్మదిగా చెప్పాడు, 40 లక్షలకి రాద్దాం, 16 లక్షలు బ్లాక్ అని. సర్కారు విలువ ఇంకా తక్కువే కాబట్టి 40కి రాస్తే అడ్డేమీ ఉండదట. బ్రోకరేమో మాకు మేలు చేస్తున్నట్టు, "రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది కదా మేడమ్" అన్నాడు. తగ్గుతుంది, నిజమే. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. 16 లక్షల మీద లక్షా 20 వేలు మిగులుతుంది. కానీ బ్యాంకు అప్పిచ్చేది కాగితం మీద రాసిన ధరకే. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పుకి ఆస్తి విలువలో 80 శాతమే ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన. 40కి 32 వస్తుంది. మిగతా 24, రిజిస్ట్రేషన్‌కి ఇంకో 3, మొత్తం 27 లక్షలు సొంతంగా తేవాలి. అందులో 16 నోట్ల కట్టలుగా. లక్షా 20 వేలు మిగిల్చుకోవడానికి 27 లక్షలు ఎక్కడినుంచి తేవాలో ఆ బ్రోకర్ చెప్పలేదు. వాడికి కమీషన్ మాత్రం 56 మీదే.

అది వదిలేసి, అసలు మాకు అప్పు ఎంతొస్తుందో ముందు తేల్చుకుందామని బ్యాంకుకి వెళ్ళాను. మీరు కూడా ఇలాగే చేయండి, ఇల్లు చూడకముందే వెళ్ళండి. నచ్చిన ఇల్లు మనసులో పెట్టుకుని బ్యాంకులో కూర్చుంటే మొహంలో తెలిసిపోతుంది.

ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచి. మా ఆయన కాగితాలు ఐదు నిమిషాల్లో చూసేశారు. సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా తీర్చే అలవాటుకి వేసే మార్కు, 781. తర్వాత నా స్టేట్‌మెంటు తీశారు.

"ఇక్కడ 12 వేలే పడుతోంది కదమ్మా. 28 అని రాశారు?"

"మిగతా 16 వేలు కవర్లో ఇస్తారండీ."

"కవరా?"

ఆయన గట్టిగానే అన్నాడు. వెనక గోల్డ్ లోన్ కోసం కూర్చున్న ఇద్దరు తలెత్తి చూశారు. హైదరాబాద్‌లో ప్రైవేట్ టీచర్లకి కవర్ అంటే వివరించాల్సిన పనిలేదు. పీఎఫ్ తక్కువ కట్టడానికి సగం జీతం ఖాతాలో వేసి, మిగతాది ఐదో తారీఖున కాగితం కవర్లో పెట్టి, రిజిస్టర్లో సంతకం కూడా లేకుండా చేతిలో పెడతారు. పద్నాలుగేళ్ళుగా తీసుకుంటున్నాను. అది జీతం కాదని ఆ రోజే తెలిసింది.

ఆయన ఇంకా కిందికి జరిపి, "వేసవిలో రెండు నెలలు సున్నా. 12 వేలని పదితో గుణించి పన్నెండుతో భాగిస్తే 10 వేలు. మీ ఆదాయం 10 వేలమ్మా" అన్నాడు. లెక్క తప్పు పట్టడానికి లేదు. అదే నా బాధ. సరాసరి ఎలా కట్టాలో ఏడాదికి నూట ఇరవై మంది పిల్లలకి నేర్పేదాన్ని, ఆయన నాకు సరాసరి చెప్తుంటే తలూపాను.

ఇంటికొచ్చి మిగతా లెక్క నేనే వేశాను. ఆ బ్యాంకు మాకు పెట్టిన హద్దు, చేతికొచ్చే జీతంలో సగానికి మించి ఈఎంఐ ఉండకూడదని. 8.5 శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ళకి, లక్షకి 868 రూపాయలు పడుతుంది. 62 వేలలో సగం 31 వేలు, అంటే 35 లక్షల 70 వేల అప్పు. నా కవర్ కూడా కలిపితే నెల సరాసరి 75,333, అప్పు 43 లక్షల 40 వేలు. తేడా 7 లక్షల 70 వేలు. ఐదో తారీఖు కవర్‌కి బ్యాంకు కట్టిన వెల అదీ.

ఈలోగా లోన్ ఏజెంటు ఒకడు దొరికాడు, లేదా మేమే వాడికి దొరికాం. ఇంటికొచ్చి టీ తాగుతూ అప్లికేషన్ నింపుతున్నాడు. నా వృత్తి దగ్గర పెన్ను ఆపి, "మేడమ్, గృహిణి అని రాసేయనా? 10 వేలకి అనవసరంగా ప్రశ్నలు" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పది నిమిషాలు కుళాయి తిప్పి నిలబడ్డాను. గృహిణి అవడం తక్కువని కాదు, మా అమ్మ గృహిణే. కానీ ఉదయం ఏడున్నరకి బస్సెక్కి, పేపర్లు దిద్దడానికి రాత్రి పదకొండు దాకా కూర్చునే ఈ పద్నాలుగేళ్ళనీ వాడు ఒక్క గడిలో కొట్టేయబోయాడు. తిరిగొచ్చి, "టీచర్ అనే రాయి బాబూ, ప్రశ్నలు నేను పడతాను" అన్నాను. కొన్ని బ్యాంకుల్లో ఆడవాళ్ళ పేరుంటే వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తారని ఆ తర్వాత తెలిసింది. మా అప్పుకి లెక్కేస్తే నెలకి 110 రూపాయలు. గౌరవానికి పెట్టిన ధర బాగానే ఉంది.

ఆ ఏజెంటు గురించి ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. 35 లక్షలకి ఈఎంఐ 31,892 అని చూపించాడు. నేను కరెంటు బిల్లు వెనక లెక్కేస్తే 30,374 వచ్చింది. మళ్ళీ వేశాను, అదే. "యాప్ తప్పు చెప్పదు మేడమ్" అన్నాడు. నిజంగానే యాప్ తప్పు చెప్పలేదు, అప్పులో లక్షా 75 వేల ఇన్సూరెన్సు కలిపేశాడు, అది మాకు చెప్పలేదు. ఆ ఇన్సూరెన్సు తీసుకుంటేనే అప్పు అనే రూలేమీ లేదు. తీయించేశాను. వేరే టర్మ్ పాలసీ చవగ్గా తీసుకున్నాం. మీరూ మీ ఈఎంఐని మీ చేత్తో ఒకసారి వేసుకోండి. రాకపోతే పక్కింటి పదో తరగతి పిల్లని అడగండి, నా స్టూడెంటైతే తప్పకుండా వేస్తుంది.

ఇక మా స్కూలు నడిపే కరస్పాండెంట్ గారి గది. నిజానికి ఇది రాయడానికే కూర్చున్నాను.

నాకు కావలసింది ఒక్క కాగితం, నా జీతం 28 వేలని. ఉదయం అసెంబ్లీ అయ్యాక వెళ్ళాను. గంటన్నర బయట కూర్చోబెట్టారు, నా రెండు పీరియడ్లు వేరే టీచరు తీసుకుంది. లోపలికెళ్ళి చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. "నీకిస్తే రేపు నలభై మంది వస్తారమ్మా. లోనేమో నీకు, నోటీసేమో నాకా?" అన్నారు. నేను ఇంకేదో అనబోతే, "అయినా మీవారి జీతం ఉందిగా. ఉన్నంతలో చిన్నది చూసుకోవాలి. తాహతు అనేది ఒకటుంటుంది" అన్నారు.

ఆ తాహతు తగ్గించింది ఎవరు సార్ అని అడగాలనుకున్నాను. అడగలేదు. "థ్యాంక్యూ సార్" అని బయటికొచ్చాను. మూడో పీరియడ్ తొమ్మిదో తరగతి. థ్యాంక్యూ ఎందుకన్నానా అని సాయంత్రం దాకా తన్నుకులాడాను. ఇంటి ఓనరు అడిగిన 16 లక్షల నగదుకి ఎవరికీ అనుమానం లేదు, బ్రోకరుకీ, రాసేవాడికీ, కొనే నాలాంటివాళ్ళకీ. నా 16 వేల నగదు మాత్రం ఎవరూ నమ్మరు. మా ఊళ్ళో ఇళ్ళ ధరలు నల్ల డబ్బుతో పెరుగుతాయి, కొనేవాళ్ళ జీతాలేమో తెల్ల కాగితం మీద కనబడినంతే లెక్కలోకొస్తాయి.

ప్రైవేట్ బడుల్లో పనిచేసే చెల్లెళ్ళకి ఒక మాట. ట్యూషన్ చెప్తుంటే ఆ డబ్బు ఖాతాలో వేసుకుని, పన్ను పడకపోయినా ఏటా రిటర్న్ వేయండి. రెండు మూడేళ్ళ రిటర్నులు చూపిస్తే బ్యాంకు ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకునే వీలుంది. ఇది నాకు పద్నాలుగేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

ఫ్లాటు చివరికి అనుకోకుండా దొరికింది. నిజాంపేట నుంచి బాచుపల్లి వెళ్ళే దారిలో, మూడో అంతస్తు, పడమర ముఖం. అమ్మేది ఒక రిటైరైన లెక్చరర్. విదేశంలో ఉన్న కొడుక్కి బ్యాంకు ద్వారా డబ్బు పంపాలి కాబట్టి ఆయనకి మొత్తం వైటే కావాలి. "కట్టలు దాచుకునే వయసు కాదమ్మా నాది" అన్నారు. 940 ఎస్‌ఎఫ్‌టీ, 5 వేల చొప్పున 47 లక్షలు. నేను టేపు తీసుకెళ్ళి గది గదీ కొలిచాను, మాస్టారు నవ్వుతూ రెండో కొస పట్టుకున్నారు. గోడల లోపల 690 వచ్చింది. అంటే నడిచే నేలకి అడుగుకి 6,800. పాత ఫ్లాట్ల బేరాల్లో ఇప్పటికీ మెట్లూ లిఫ్టూ కలిపిన కొలతే చెప్తారు, టేపు మర్చిపోకండి. పడమర ముఖమని అత్తయ్య మొహం ముడుచుకున్నారు. పడమర కాబట్టే ధర దిగిందని చెప్తే, "అయితే సరే" అన్నారు.

ఫ్లాటు మీద పాత అప్పులూ అమ్మకాలూ చూపించే ఈసీ ఆన్‌లైన్లో తీశాం. లింక్ డాక్యుమెంట్లు సరిపోయాయి. లీగల్ ఒపీనియన్ వారంలో వచ్చింది. బ్యాంకు పంపిన వాల్యుయర్ పది నిమిషాలుండి, నాలుగు ఫొటోలు తీసి, 45 లక్షలన్నాడు. దానికీ 80 శాతం 36 కాబట్టి మా 35కి ఇబ్బంది కాలేదు.

మిగతా 12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి 3 లక్షల 52 వేల 500, కమీషన్, లాయరు, చిల్లర మల్లర కలిపి 16 లక్షల 30 వేలు. ఉన్నది 6 లక్షలు. ఆయన పీఎఫ్ నుంచి 3 లక్షలు తీశారు. నా ఐదు తులాలు అమ్మితే తరుగులు పోను 3 లక్షల 80 వేలొచ్చింది. ఇంకా 3 లక్షల 50 వేలు తగ్గింది. దానికి 5 లక్షల చీటీ పాడుకున్నాను. నెలకి 12,500 కిస్తు, ఇంకా చాలా నెలలుంది. ఈ కిస్తు సంగతి బ్యాంకుకి తెలీదు. నా కవర్ కూడా వాళ్ళకి తెలీదు కదా, చెల్లుకి చెల్లు.

నైట్ ఫ్రాంక్ అనే సంస్థ ఏటా ఒక సూచీ వేస్తుంది, కుటుంబ ఆదాయంలో ఎంత శాతం ఈఎంఐకి పోతుందని. 2023లో హైదరాబాద్‌కి 30 శాతం అని పేపర్లో చదివాను, ముంబై 51 అట. అది చదివి మనం నయమే అనుకున్నాను. మా ఈఎంఐ 30,374. బ్యాంకు ఒప్పుకున్న 62 వేలలో అది 49 శాతం. మా నిజమైన సరాసరి 75 వేలలో 40 శాతం. చీటీ కలిపితే 57. ఆ 30 శాతం కుటుంబం ఏ వీధిలో ఉంటుందో తెలిస్తే వెళ్ళి పాలు పొంగించే రోజుకి పిలుస్తాను.

2025 ఫిబ్రవరిలో ఆర్బీఐ రెపో రేటు, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, పావు శాతం తగ్గించింది, ఆ ఏప్రిల్ 9న మళ్ళీ పావు. మా వడ్డీ కూడా తగ్గుతుందని బ్యాంకులో అన్నారు. తగ్గితే ఈఎంఐ తగ్గుతుందా, నెలలు తగ్గుతాయా అని అడిగాను. "మీ ఇష్టం, రాసివ్వండి" అన్నారు. నెలలే తగ్గించమని రాసిచ్చాను. మా ఆయనకి 38, ఇరవై ఏళ్ళంటే సరిగ్గా రిటైరయ్యే ఏడు.

మొదటి ఈఎంఐ మే 10న. అది సెలవుల నెల, కవరూ ఉండదు, ఖాతాలో 12 వేలూ పడవు. వేసవి ట్యూషన్‌కి ఏడుగురు పిల్లలు ఒప్పుకున్నారు. ఎనిమిదో పిల్ల వాళ్ళమ్మ ఆదివారం చెప్తానంది. ఈసారి ఫీజు నగదు వద్దు, ఫోన్‌పే చేయండి అని చెప్పాను.