ఆరు మెట్ల ముందు అరగంట

నిన్న ఒక సమావేశానికి వెళ్లి, ఆరు మెట్ల ముందు నా చక్రాల కుర్చీలో అరగంట ఆగిపోయినప్పుడు, లోపం నా కాళ్లదా, ఆ మెట్లదా అన్న పాత ప్రశ్న మళ్లీ ఎదురైంది. వైకల్యాన్ని శరీరంలోని లోపంగానే చూసే వైద్య నమూనా నా దెబ్బతిన్న వెన్నుపాము వైపే వేలు చూపిస్తుంది. 1976లో బ్రిటన్‌లోని ఒక వికలాంగుల సంఘం శారీరక లోపాన్నీ, సమాజం కల్పించే వైకల్యాన్నీ విడదీసి చెప్పగా, 1983లో బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త మైక్ ఆలివర్ ఆ ఆలోచనకు సామాజిక నమూనా అని పేరు పెట్టారు. ఆ వివరణ నాకు ఎంతో ఊరటనిచ్చింది. అయితే, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పిని ఏ ర్యాంపూ తగ్గించలేదు (ఈ సంగతి చెబితే సామాజిక నమూనాను నమ్మే కొందరు మిత్రులు నొచ్చుకుంటారు). శరీరాన్నీ పరిసరాలనూ కలిపి చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి వైకల్య వర్గీకరణే నా అనుభవానికి దగ్గరగా తోస్తుంది. నిన్న మాత్రం నలుగురు కలిసి నన్ను కుర్చీతో సహా ఎత్తి లోపలికి చేర్చారు, నన్ను ఒక్క మాటైనా అడగకుండా.