చిచెన్ ఇట్సాలో కప్పతల్లి

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో మెక్సికోలోని కాంకూన్ చూడని కుటుంబం తక్కువ. మూడు గంటల లోపు విమానం, పొద్దస్తమానం తిండి పెట్టే రిసార్టు, ఎదురుగా సముద్రం. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు కనుక ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళనూ వెంటబెట్టుకుపోవచ్చు. అయినా చాలామంది స్విమ్మింగ్ పూల్ దాటి బయటికి రారు. ఆ ప్రాంతపు ప్రాచీన ప్రజలు మాయన్లు కట్టిన నగరం చిచెన్ ఇట్సా సంగతి ఎత్తితే, "అంత ఎండలో రాళ్ళు చూడ్డానికి ఎవరు పోతారండీ, హంపీ చూశాంగా" అంటారు. నేను మాత్రం పోయి తీరాలంటాను. అదీ కారు అద్దెకు తీసుకుని కాదు, గైడుతో వెళ్ళే బస్సులో. ఆ బస్సుల్లో విసుగు పుట్టించేవి చాలానే ఉన్నాయి, అవీ చెప్తాను.

మేం థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వెళ్ళాం. నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి కొడుకు, నాలుగో తరగతి కూతురు, పాలమూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తమ్మ. పొద్దున్నే హోటల్ గుమ్మంలో ఎక్కించుకున్నారు. కాంకూన్ నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. దారిలో రాష్ట్రం మారుతుంది, దాంతో పాటు గడియారం గంట వెనక్కి పోతుంది. కాంకూన్ ఉన్న క్వింతానా రో ఒక టైములో, చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ ఇంకో టైములో నడుస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఆ గంట మన దగ్గర వసూలు చేసుకుంటారు, రాత్రి భోజనం ఎక్కడన్నా బుక్ చేసుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

గైడు యుకతాన్ పల్లెటూరి మనిషి, యాభై దాటి ఉంటాయి. మైకు తీసుకుని చెప్పిన మొదటి మాట: "మాయన్లు ఏమైపోయారని నన్ను అడగొద్దు. ఇప్పుడు మిమ్మల్ని సీటు బెల్టు పెట్టుకోమంటున్నవాడు మాయన్." బస్సంతా నవ్వింది. మావాడు మాత్రం నవ్వలేదు, వాడు ఆ ప్రశ్నే అడుగుదామనుకుంటున్నాడు. బడిలో వాళ్ళ పుస్తకంలో మాయన్ల పాఠం 'పతనం' అన్న చోట అయిపోతుంది మరి. మెక్సికోలో 2020 జనాభా లెక్కల ప్రకారం యుకతాన్ మాయా మాట్లాడేవాళ్ళు ఏడు లక్షల డెబ్బై వేలకు పైగా ఉన్నారు. మా గైడుకు అదే అమ్మ దగ్గర నేర్చిన భాష. స్పానిష్ బడిలో వచ్చింది, ఇంగ్లీషు టూరిస్టుల దగ్గర వచ్చింది. ఆయన పిల్లలకు మాయా అర్థమవుతుందట గాని జవాబు స్పానిష్‌లో ఇస్తారట.

మా ఆయన నా వైపు తిరిగి "మన ఇంటి సంగతే చెప్తున్నాడు" అన్నాడు. పైకి అలాగే ఉంటుంది, నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. మేం ఉద్యోగం కోసం మా ఇష్టంతో దేశం దాటి వచ్చాం. మా పిల్లలు తెలుగు మర్చిపోయినా కోట్లమంది అక్కడ మాట్లాడుతూనే ఉంటారు. ఆయన ఎక్కడికీ పోలేదు. పుట్టిన ఊళ్ళోనే ఉన్నాడు, భాషే ఆయన ఇల్లు ఖాళీ చేస్తోంది. మన దిగులును అందరి దిగుళ్ళతో కలిపేసుకుని ఓదార్చుకోవడం మన ప్రవాసులకు ఒక అలవాటైపోయింది.

బస్సులో పిల్లలతో వెళ్ళేవాళ్ళకు మొదటి పరీక్ష సగం దారిలో ఎదురవుతుంది. పేరూ పుట్టినరోజూ రాయించుకుని, వాటిని మాయా గుర్తుల్లో అచ్చేసిన కాగితం అమ్ముతారు. ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మా చిన్నది పట్టుబట్టింది. "జాతకమా?" అని అత్తమ్మ ముందుకు వంగింది. కొనలేదు గాని, ఆ పేరుతో మంచి కాలక్షేపం దొరికింది. మాయన్లకు 260 రోజుల పూజా పంచాంగం ఒకటి, 365 రోజుల సంవత్సరం ఒకటి. రెండూ పక్కపక్కనే తిరుగుతూ మళ్ళీ మొదలైన చోట ఎప్పుడు కలుస్తాయని గైడు అడిగాడు. మావాడు ఫోనులో క.సా.గు. చేసి 18,980 రోజులన్నాడు, అంటే 52 ఏళ్ళు. అత్తమ్మకు లెక్క చెప్పనక్కర్లేకపోయింది. "మన ప్రభవ, విభవ అరవై ఏండ్లు తిరిగొస్తయి గద, గట్లనే" అంది. అరవై సంవత్సరాలకూ విడివిడిగా పేర్లున్నాయని పిల్లలకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ షష్టిపూర్తి అంటే పెద్ద కేకు కోసే పుట్టినరోజనుకున్నారు.

ఇక్కడ నాకు తట్టిన సంగతి ఒకటి. ఇండియా వెళ్తే అక్కడ నేను గైడుని, పిల్లలు టూరిస్టులు. చెప్పులు విప్పు, దండం పెట్టు, ఎడం చేత్తో తీసుకోకు అంటూ నా నోటికి విశ్రాంతి ఉండదు. డాలస్‌లో వాళ్ళు గైడులు, నేను టూరిస్టుని. "అమ్మా, ఆవిడ జీతం ఎంతని అడగకూడదు", "ఆ మాటను అలా పలకరు" అని పక్కనుంచి మెల్లిగా గిల్లుతారు. ఈ రెండు దేశాల మధ్య మేం ఎప్పుడూ ఒకరినొకరు దిద్దుకుంటూనే ఉంటాం. మెక్సికోలో దిగేసరికి ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరి పరువూ పోదు. పిల్లలు మామూలుగా నన్ను అడగని ప్రశ్నలు అక్కడ అడిగారు.

ఈకల పాము రూపంలో ఉండే దేవుడు కుకుల్‌కాన్ పిరమిడ్ గురించి ఎక్కువ చెప్పను, ఫోటోల్లో అందరూ చూసిందే. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన అరుగుతో కలిపి 365. ఇప్పుడు ఎక్కనివ్వరు. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే మెట్ల మీద నుంచి వచ్చే ప్రతిధ్వని పిట్ట కూతలా వినిపిస్తుంది, కెత్సాల్ పిట్ట కూత అంటారు. ప్రతి బృందమూ చప్పట్లు కొడుతూనే ఉంటుంది కాబట్టి ఆ మైదానమంతా ఏదో సన్మాన సభ జరుగుతున్నట్టుంటుంది.

బంతాట మైదానంలో మాత్రం చాలాసేపు ఆగాం. 168 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు, గోడకు ఆరు మీటర్ల ఎత్తున రాతి వలయాలు. గోడ కింది భాగంలో చెక్కిన బొమ్మల్లో ఒక ఆటగాడు తల లేకుండా మోకాళ్ళ మీద ఉంటాడు, మెడలోంచి చిమ్మిన నెత్తురు పాములై లేస్తుంది. గెలిచినవాడి తలా ఓడినవాడి తలా అని అందరూ అడిగారు. "బొమ్మలో తల తెగిందని ఉంది, స్కోరు రాయలేదు" అన్నాడు గైడు. ఏదో ఒక కథ చెప్పేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు, ఆయన ఆ పని చేయలేదు. అప్పటి నుంచి ఆయన మాట మీద నాకు గురి కుదిరింది.

చిన్నది ముఖం తిప్పుకుంది. మావాడు అడిగాడు, "మన ఇండియాలో ఇలాంటివి చేయలేదు కదా?" 'లేదు నాన్నా' అన్న జవాబు నా నాలుక చివరే ఉంది. ఈ లోపల అత్తమ్మ, "శ్రీశైలంల వీరశిరోమండపం ల్యాదా? భక్తులు తలకాయలు కోసుకునేటోళ్ళంట గద" అంది, మార్కెట్టులో టమాటా ధర చెప్పినంత మామూలుగా. ఆమెది నల్లమల అంచు ఊరు, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయిన మనిషి. ఆ మండపం నిజమే. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించిన దానికి శాసనం కూడా ఉంది. మనం వారాంతాల్లో పిల్లలకు చెప్పే భారతదేశంలో ఇవేవీ ఉండవు. సున్నా మనదే, శస్త్రచికిత్స మనదే అని మొదటి బహుమతుల జాబితా ఉంటుంది. మాయన్లు కూడా సున్నాను విడిగా కనిపెట్టి గవ్వ బొమ్మతో రాసుకున్నారని వాడికి ఇక్కడ తెలిసి, నా వైపు అదోలా చూశాడు.

అక్కడితో అయిపోలేదు. అక్కడి పవిత్ర సెనోటే, అంటే సున్నపురాయి కుంగి ఏర్పడిన పెద్ద నీటి గుండం, దగ్గరికి నడిచాం. యుకతాన్‌లో నేల మీద నదుల్లేవు, నీళ్ళన్నీ రాయి కిందే. కరువొస్తే వాన దేవుడు చాక్ కోసం మనుషుల్ని ఇందులో వేసేవాళ్ళు. వాళ్ళు కన్యలని చాలాకాలం ప్రచారంలో ఉండేది. ఈ గుండానికి దగ్గర్లో 1967లో ఒక నేలమాళిగలో పిల్లల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో 64 మంది డీఎన్ఏ పరీక్షించిన ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. అందరూ మగపిల్లలే. ఎక్కువమంది మూడు నుంచి ఆరేళ్ళ లోపువాళ్ళు, అందులో కవలలు కూడా ఉన్నారు. నేటి స్థానిక మాయన్లకూ వాళ్ళకూ రక్తసంబంధం ఉందని కూడా తేలింది. గైడు ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. మావాడు నానమ్మ వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, "శ్రీశైలంలో వాళ్ళు వాళ్ళే కోసుకున్నారు. ఇక్కడ పిల్లల్ని ఎవరు అడిగారు?" అన్నాడు. ఆమె దగ్గర దానికి జవాబు లేదు, నా దగ్గరా లేదు. తెలుగులో వాడు అంత గట్టిగా వాదించడం నేనెప్పుడూ వినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నదానికి బాత్రూమ్ అవసరమై వాళ్ళ నాన్నతో వెళ్ళింది. అత్తమ్మ మోకాళ్ళతో మెల్లిగా నడుస్తుంటే గైడు ఆమె అడుగులో అడుగు కలిపాడు, మధ్యలో మావాడు. నేను వెనక ఉన్నాను. కొంగ ముక్కులాంటి ముక్కుతో చాక్ ముఖాలు చెక్కిన గోడ చూపించి, మా ఊళ్ళో ఇప్పటికీ ఈయన్ని పిలుస్తాం అన్నాడాయన. చా చాక్ అని ఒక పూజ. చేలలో వాన వెనకబడితే కొమ్మలతో వేదిక కట్టి, దాని కాళ్ళ దగ్గర నలుగురు మగపిల్లల్ని కూర్చోబెడతారు. పూజ జరుగుతున్నంతసేపూ వాళ్ళు కప్పల్లా బెకబెకమంటూనే ఉండాలి. చిన్నప్పుడు తనూ కప్పగా కూర్చున్నాడట. కూర్చుని చూపించాడు కూడా.

"ఏమంటున్నడు బిడ్డా?" అంది అత్తమ్మ. వాడు చెప్పాడు. ఆమె అక్కడికక్కడే నిలబడిపోయింది. "కప్పతల్లి! చెప్పు ఆయనకు, మా కాడ గూడ ఉన్నదని చెప్పు." ఇక మనవడికి ఊపిరాడలేదు. రోకలికి గుడ్డ చుట్టి కప్పను కట్టి, వేపమండలు పెట్టి, ఇద్దరు పిల్లలు చెరో కొస భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. ప్రతి వాకిట్లో ఆడవాళ్ళు బిందెడు నీళ్ళు పోసేవాళ్ళు, చేటలో బియ్యం వేసేవాళ్ళు. వాడికి తెలియనిచోట ఆమె చేతులతో దంచి చూపించింది, ఇంటి ముందు నీళ్ళు కుమ్మరించి చూపించింది. వేపచెట్టు గైడుకు తెలుసు, తమ ఊళ్ళోనూ నీడకు వేశారట. "తర్వాత వాన పడేదా అని అడుగుతున్నారు నానమ్మా." "పడకపోతే ఎల్లుండి మల్ల ఆడేటోళ్ళం." ఇది ఇంగ్లీషులోకి వెళ్ళాక గైడు ఆగి ఆగి నవ్వాడు. చివరికి ఆ కప్ప ఏమవుతుందని అడిగాడు. దాన్ని చెరువులో వదిలేసేవాళ్ళమని చెప్పిందామె. ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు రాయమంటే నీరసపడే మావాడు ఆ అరగంట నీళ్ళు తాగడం కూడా మర్చిపోయాడు.

భోజనం బఫే. శాకాహారులకు అన్నం, బీన్స్, మొక్కజొన్న రొట్టెలు. బీన్స్‌లో పంది కొవ్వు వేసే అలవాటుంది కాబట్టి అడిగి తినండి. రొట్టెలు చేతితో తడుతున్న ఆవిడ మొక్కజొన్నలను సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెడుతుందని తెలిసి, తాంబూలం వేసుకునే అత్తమ్మ ఇంకో రొట్టె అడిగి తింది.

బయటికొచ్చే దారంతా దుకాణాలే. అక్కడి జాగ్వార్ పులిలా గుర్రుమనే మట్టి ఈలలు ఊదుతూ పిలుస్తుంటారు. చిన్నది ఒకటి పట్టుకుంది. అత్తమ్మ మనవడికి పురమాయించింది, "సగానికి అడుగు." అప్పటిదాకా సాఫీగా నడిచిన దుబాసీ పని అక్కడ ఆగిపోయింది. వాడు అడగనన్నాడు. వాళ్ళు బీదవాళ్ళు, మనం విమానం ఎక్కి వచ్చాం, రెండు డాలర్ల కోసం బేరమేంటని వాడి వాదం. "బేరమాడకుంటే అంగడాయనకే ముచ్చట ఉండది, ఊరికే పడేసి పోయినట్టుంటది" అని ఆమె వాదం. ఇద్దరూ నన్ను చూశారు. నేను ఈల ఖరీదు ఎంతో ఇంకోసారి కనుక్కుంటానని పక్కకు తప్పుకున్నాను. చివరికి వాడు సొంత డబ్బులోంచి చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేశాడు. దుకాణాయన సంతోషించి చిన్నదానికి ఇంకో ఈల ఉత్తినే ఇచ్చాడు. "చూసినవా, రెండోది బేరంల వచ్చేది" అంది అత్తమ్మ. కాంకూన్ దాకా బస్సులో రెండు ఈలలూ మోగుతూనే ఉన్నాయి, వెనక సీటు దంపతులకు నేను క్షమాపణలు చెప్తూనే ఉన్నాను.