భోజనాల గదికి ముదురు ఆకుపచ్చ

నగరాల్లోని అపార్ట్‌మెంట్లలో భోజనాల గది అని మనం పిలుచుకునేది చాలా ఇళ్లలో గది కానే కాదు. హాలుకూ వంటింటికీ నడుమ, ఒక పక్క పడకగది తలుపు, ఇంకో పక్క చేతులు కడుక్కునే బేసిన్, మూలన ఫ్రిజ్ పోగా మిగిలిన చోటు అది. దానికంటూ సొంత కిటికీ ఉండడం అరుదు కాబట్టి పగటిపూట కూడా మసకగానే ఉంటుంది. ఆ మసకను పోగొట్టాలని అందరూ తెలుపో, లేత గోధుమ రంగో వేయిస్తారు. అయితే వెలుతురు చేరని చోట తెల్ల గోడ తెల్లగా కనిపించదు. పట్టపగలు కూడా మాసిన పంచెలా బూడిద రంగులో కనిపిస్తుంది. తన మీద పడిన వెలుతురును తిరిగి ఇవ్వడమే తెలుపు చేయగలిగిన పని, పడని వెలుతురును అది ఎక్కడి నుంచి తెస్తుంది? హైదరాబాదులోని మా ఇంట్లో ఈ చోటుకు ముదురు ఆకుపచ్చ వేయించాలని అనుకోవడానికి మొదటి కారణం ఇది. రెండో కారణం ఇంకా సులువైనది: ఉద్యోగాలు, బడులు, ట్రాఫిక్కు మధ్య మేమందరం ఒకే బల్ల దగ్గర కూర్చునేది రాత్రి భోజనానికి మాత్రమే. రాత్రి మాత్రమే వాడుకునే చోటును పగటి వెలుతురు కోసం తీర్చిదిద్దడం నాకు అర్థం లేని పనిగా తోచింది.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే మా అత్తయ్యగారు, "అన్నం తినే చోట ఆ చీకటి రంగేమిటమ్మాయ్?" అన్నారు. దోమలు చేరతాయని కూడా అన్నారు, అందులో నిజం లేకపోలేదు. దోమలకు ముదురు రంగులన్నా, చీకటి మూలలన్నా ఇష్టమే. కాని ముదురు రంగు మన ఇళ్లకు పరాయిది అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆవిడ పుట్టింట్లో నేలంతా కడప బండలే, వంటింటి గట్టూ ఆ నల్ల రాయే. గోడకు తగిలించుకునే నిర్మల్ చిత్రాల్లో చాలావాటికి వెనక ఉండేది నలుపే, ఆ నలుపు మీదనే బంగారు వన్నె అంతగా పలుకుతుంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న బీదరులో తయారయ్యే బిద్రీ పనితనం మొత్తం ఈ సూత్రం మీదే నడుస్తుంది: ఎక్కువ జింకు, కొద్దిగా రాగి కలిపి పోత పోసిన పాత్రలో వెండిని పొదిగి, నవాసారం, బీదరు కోట మట్టి కలిపిన ముద్దతో రుద్దితే, పాత్ర నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. ఇక ఈ ఊళ్లోనే ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాలలో 101 మంది ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు ఉంది. అక్కడి కుర్చీలు రోజ్‌వుడ్‌వి, వాటి మీద ఆకుపచ్చ తోలు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల భోజనాల గదులకు ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ వేయడం ఆనవాయితీగా ఉండేది. కొవ్వొత్తుల వెలుగులోనూ గ్యాస్ దీపాల వెలుగులోనూ పటాల బంగారు చట్రాలు, వెండి సామాను మెరవడానికి ఆ నేపథ్యం పనికొచ్చేది. ఇప్పుడు ఇంటర్నెట్టు నిండా కనిపిస్తున్న 'మూడీ' గదులు, అంటే ముదురు గోడలు, మసక వెలుగు ఉన్న గదులు, అక్కడి నుంచి వచ్చినవే.

రంగు ఎంచుకోవడంలో కొన్ని సంగతులు ముందే తెలుసుకోవడం మంచిది. పెయింటు కంపెనీలు చాలా షేడ్లకు ఎల్‌ఆర్‌వి అనే అంకె ఇస్తాయి. గోడ మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిరిగి వస్తుందో ఆ అంకె చెబుతుంది. సున్నా అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. సాధారణంగా మనం వేసుకునే తెలుపులు 80కి అటూ ఇటూ ఉంటే, నిజంగా ముదురు అనిపించే రంగులన్నీ 10కి లోపే ఉంటాయి. 20, 25 దగ్గర ఆగిపోయిన రంగులు ఈ పనికి పనికిరావని నా అభిప్రాయం, ఎందుకంటే అవి అటు వెలుతురునూ ఇవ్వవు, ఇటు లోతునూ ఇవ్వవు. భయపడి ఒక మెట్టు తేలిక చేసుకున్న గదులు నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం స్కూలు వరండాల్లా తయారయ్యాయి.

మెరూన్ వేయిద్దామని మా వారు అన్నారు, పెళ్లి పట్టుచీర రంగు కదా అని. మెరూన్ మంచి రంగే, కాని వెలుతురు బాగా తగ్గినప్పుడు మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడుతుంది, ఆకుపచ్చ, నీలం ఇంకాసేపు నిలుస్తాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యె గమనించిన ఈ సంగతి ఇప్పటికీ ఆయన పేరుతోనే చెలామణీలో ఉంది. రాత్రి పెద్ద దీపాలన్నీ ఆర్పేసి, వంటింటి చిన్న లైటు మాత్రమే ఉన్నప్పుడు కూడా గోడ రంగు గోడ రంగులా కనిపించాలన్నది నా కోరిక. అందువల్ల కాస్త నలుపు కలిసిన ఆకుపచ్చ, ఎండిన గోరింటాకు పొడికి దగ్గరగా ఉండేది, ఎంచుకున్నాం. ఎంచుకోవడానికి షేడ్ కార్డు మీది అగ్గిపెట్టెంత ముక్కను నమ్మకుండా, రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు ఆ రంగు పూసి, ఒక్కో గోడకు ఆనించి, పగలు ఒకసారి, రాత్రి భోజనం వేళ ఒకసారి చూశాం. ఒకే రంగు ఫ్రిజ్ పక్కన నీలంగానూ, టేకు తలుపు పక్కన గోధుమ ఛాయగానూ కనిపించడం అప్పుడే తెలిసింది.

గోడ తయారీ దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకూడదు. లేత రంగు దాచిపెట్టే లోపాలన్నింటినీ ముదురు రంగు బయటపెడుతుంది. లప్పం సరిగా లాగని చోట ఎత్తుపల్లాలు, ఎమరీ పేపరు పట్టిన గీతలు, పాత మేకుల గుంటలు, పక్క నుంచి లైటు పడితే చాలు, వరుసగా కనిపిస్తాయి. అందుకే ఆఖరు లప్పం పెట్టిన తరువాత, రాత్రి పూట టార్చిలైటును గోడకు ఆనించి పక్కగా వేసి చూసి, నీడ పడిన ప్రతి చోటా పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ చోట్ల మళ్లీ రుద్దించాం. మా పెయింటరు ఇంకో మంచి సలహా ఇచ్చాడు: తెల్ల ప్రైమరు మీద నేరుగా ముదురు రంగు వేస్తే కుర్చీ తగిలి గీత పడినప్పుడు లోపలి తెలుపు బయటికి వస్తుంది కాబట్టి, ప్రైమరులోనే కాస్త నల్ల స్టెయినరు కలిపి బూడిద రంగు చేసి కొట్టాలన్నాడు. అలా చేస్తే పై రంగు కూడా త్వరగా నిండుతుంది. బాత్‌రూమ్ గోడ ఈ చోటును ఆనుకుని ఉంటే మాత్రం ముందు చెమ్మ సంగతి చూసుకోవాలి. తేమతో పాటు బయటికి వచ్చే ఉప్పు పొర తెల్ల గోడ మీద ఎవరి కంటా పడదు గాని, ముదురు గోడ మీద ముగ్గుపిండి చల్లినట్టే ఉంటుంది.

మెరుపు విషయంలో మధ్యేమార్గం ఉత్తమం. పూర్తి మ్యాట్ చూడటానికి అన్నింటికన్నా అందంగా ఉంటుంది, కాని చెయ్యి తగిలిన చోటల్లా, గుడ్డతో రుద్దిన చోటల్లా మెరుపు మచ్చ పడుతుంది. హై షీన్ వేస్తే బల్బు గోడలో అద్దంలోలా కనిపిస్తుంది. పిల్లలు, పులుసు, నూనె చేతులు ఉన్న ఇంటికి సాఫ్ట్ షీన్ సరైనది. కావలసిన రంగంతా ఒకేసారి మెషీన్ మీద కలిపించుకుని, ఒక చిన్న డబ్బా మిగుల్చుకోవడం కూడా అవసరం, ఎందుకంటే మళ్లీ కలిపిస్తే వచ్చే కొద్దిపాటి తేడా టచప్ చేసిన చోట పట్టించేస్తుంది.

ఇక దీపాల సంగతికి వస్తే, నా దృష్టిలో అసలు పని అంతా ఇక్కడే ఉంది. గోడలు వెలుతురును మింగేస్తాయి కాబట్టి, తెల్ల గదిలో ఒక ట్యూబ్‌లైటు చేసే పని ఈ గదిలో అది చేయలేదు. చేసినా, ముదురు గోడ మీద ట్యూబ్‌లైటు వెలుగు పడితే గది ఆసుపత్రి వెయిటింగ్ హాలును గుర్తు చేస్తుంది. మేము బల్ల మీదికి వేలాడే పెద్ద దీపం ఒకటి పెట్టి, దాని అడుగు అంచు బల్ల ఉపరితలం నుంచి సుమారు 30 అంగుళాల ఎత్తులో ఉండేటట్లు చూసుకున్నాం. అంతకన్నా పైకి పోతే వెలుగు చెదిరిపోతుంది, కిందికి దిగితే ఎదుటి మనిషి ముఖం కనబడదు. దీపానికి ఉన్న గొడుగు వెలుతురు దూరనిదై ఉండాలి. గాజు గోళాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గాని, చీకటి గదిలో కూర్చున్న వారి కళ్లలోకి నేరుగా కొడతాయి. ఒక్క దీపంతోనే సరిపెట్టుకోకుండా, చిత్రం మీద ఒకటి, బేసిన్ అద్దం దగ్గర ఒకటి చిన్న దీపాలు పెట్టుకుంటే గోడలకు లోతు వస్తుంది.

బల్బు కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి. ఒకటి కెల్విన్: 2700 దగ్గర ఉంటే పసుపు ఛాయ ఉన్న వెచ్చదనం, 6500 ఉంటే నీలం కలిసిన తెలుపు. మన దుకాణాల్లో ఏమీ అడగకపోతే చేతిలో పెట్టేది 6500దే. రెండోది సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. అది 90 పైన ఉన్నది వెతికి తెచ్చుకోవడం సార్థకం. చవక ఎల్‌ఈడీల్లో ముందు దెబ్బతినేది ఎరుపే, మన కంచంలో ఎక్కువగా ఉండేదీ ఎరుపే. వేడి అన్నం మీద ముద్దపప్పు, పక్కన ఆవకాయ ముక్క, ఆ ముక్క నుంచి జారి అన్నం అంచున నిలిచిన నూనె: మంచి బల్బు కింద ఆ నూనె అంచు నారింజ రంగులో మెరుస్తుంది, నాసిరకం బల్బు కింద అదే నూనె ఇటుకపొడి కలిపిన నీళ్లలా ఉంటుంది. ముదురు గదిలో కంచం తప్ప కంటికి వేరే పని ఉండదు కాబట్టి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వెలుగును తగ్గించి పెంచుకునే డిమ్మరు పెట్టుకోదలిస్తే, డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి ఉన్న బల్బే కొనాలి. మామూలు ఎల్‌ఈడీకి డిమ్మరు తగిలిస్తే మినుకుమినుకుమంటూ విసిగిస్తుంది.

విదేశాల ఫొటోలు చూసి ఈ పని మొదలుపెట్టేవారికి ఎవరూ చెప్పని చిక్కు మన సీలింగ్ ఫ్యాను. బల్ల మీద వేలాడే దీపానికీ, ఫ్యానుకూ కావలసినది ఒకే చోటు. మే నెలలో ఫ్యాను లేకుండా పప్పుచారు అన్నం తినడం ఎవరి వల్లా కాదు. ఫాల్స్ సీలింగులో లైట్లు ఉండి వాటి కింద ఫ్యాను తిరిగితే రెక్కల నీడ బల్లంతా పరుగులు పెడుతుంది, తెల్ల గదిలో పెద్దగా తెలియని ఆ నీడ చీకటి గదిలో తల తిప్పేస్తుంది. వైరుకు వేలాడే దీపం గాలికి ఊగుతుంది. మేము ఫ్యానును అక్కడి నుంచి తీసేసి, గోడకు బిగించే ఫ్యాను ఒకటి పెట్టి, దానికి కూడా గోడ రంగుకు దగ్గరి రంగే ఎంచుకున్నాం. దీపాన్ని వైరుకు బదులు రాడ్డుతో దింపించాం. అయినా పాత ట్యూబ్‌లైటును మాత్రం ఉంచుకున్నాం, వేరే స్విచ్చు మీద. బియ్యం ఏరాలన్నా, పిల్లల హోంవర్క్ అన్నా, బల్ల కింద పడిన మెతుకులు ఊడవాలన్నా అది కావాలి. అత్తయ్యగారు కరివేపాకు దూసుకోవడానికి కూర్చున్న ప్రతిసారీ అదే వేస్తారు, నేనూ ఏమీ అనను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సీలింగును గోడ రంగులోనే ముంచేయడం ఫొటోల్లో బాగుంటుంది, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు ఉన్న మన ఇళ్లలో అది నాకు బరువుగా అనిపించింది. పసుపు ఛాయ ఉన్న మీగడ తెలుపు వేయించాం. నేల మీద మెరిసే తెల్ల టైల్సును మార్చలేం కాబట్టి, వరంగల్ దరీ ఒకటి పరిచాం. ఊలు తివాచీ వద్దని నా గట్టి సలహా, ఎండిన మెతుకును దాని పోగుల్లోంచి లాగిన వారికి కారణం చెప్పనక్కరలేదు. టేకు బల్లకు కొత్త పాలిషు అవసరం లేదు, పాతబడిన టేకు ముదురు ఆకుపచ్చ పక్కన దానంతట అదే నిగ్గుతేలుతుంది. గోడకు నల్ల నేపథ్యం ఉన్న నిర్మల్ చిత్రం ఒకటి, షెల్ఫులో అమ్మమ్మగారి ఇత్తడి కూజా, రెండు మరచెంబులు పెట్టాం. ఇత్తడిని చింతపండుతో తోమి తళతళలాడించడం కన్నా కాస్త మసక వేయనిస్తేనే ఈ గదిలో బాగుంటుందని నేను అంటాను, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

రంగు ఎక్కడ ఆపాలన్నది హాలుతో కలిసిపోయిన చోట్లలో నిజమైన ప్రశ్న. గోడ మధ్యలో గీత గీసినట్టు ఆపితే అది సగంలో వదిలేసిన పనిలా కనిపిస్తుంది. లోపలి మూల, బీము, తలుపు చట్రం, ఈ మూడింట్లో ఏదో ఒకదాని దగ్గర ఆపితే కన్ను ఒప్పుకుంటుంది. మాకు బీము ఉంది కనుక దాని కింది అంచు దాకా వేయించి ఆపాం. బేసిన్ వెనక మాత్రం పెయింటు వద్దు. బోరు నీళ్లలోని సున్నం ఆరిపోయి, ఒక్కో చుక్కా ఒక్కో తెల్ల వలయంగా మిగిలిపోతుంది, తడి గుడ్డతో తుడిస్తే ఆ వలయం పోయి దాని చోట చార వస్తుంది. అక్కడ అద్దం కింద నుంచి బేసిన్ అంచు దాకా ముదురు రంగు టైలు వేయించి, వారానికోసారి కాస్త వెనిగరు కలిపిన నీళ్లతో తుడవడమే మేలు.

అద్దె ఇంట్లో ఉన్నవారు రంగుతో కాకుండా దీపంతో మొదలుపెట్టవచ్చు. గోడలు తెల్లగానే ఉన్నా, ట్యూబ్‌లైటు ఆర్పి, బల్ల మీదికి గొడుగు ఉన్న దీపం ఒక్కటి దింపితే సగం పని అయినట్టే, ఇల్లు మారినప్పుడు దాన్ని విప్పుకుని వెంట తీసుకుపోవచ్చు. బల్ల వెనక గోడ నిండా ముదురు చేనేత గుడ్డనో, నల్ల గీతల పెడన కలంకారీ దుప్పటినో రాడ్డుకు వేలాడదీసినా బాగానే ఉంటుంది. గోడకే రంగు వేయించాలన్న పట్టుదల ఉంటే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని మళ్లీ తెలుపు చేయడానికి ప్రైమరు, దాని మీద రెండు మూడు కోటింగులు పడతాయి కాబట్టి, ఆ ఖర్చు ఎవరిదన్నది ఇంటివారితో ముందే మాట్లాడుకుని రాసుకోవాలి. అడ్వాన్సులోంచి కోసుకునేది సరిగ్గా ఇలాంటి వాటికే.