దాహం లేదమ్మాయ్

ఈసారి గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఐదో మాట నాకు వచ్చింది. మా సంఘంలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్నీ ఏడుగురికి పంచుతారు. స్త్రీల సమాజం తరఫున నాకు పడింది "నేను దప్పిగొనుచున్నాను". పది నిమిషాలే కదా, ఎలాగోలా లాగించేయొచ్చు అనుకున్నాను. పైగా దాహం గురించి మా ఊరివాళ్ళకి ఒకరు నేర్పాలా?

మాది అంతర్వేది వైపు శివారు ఊరు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక డెల్టా అంతా పచ్చబడిన మాట నిజమే. కానీ ఆ నీళ్ళు కాలువలూ బోదెలూ దాటుకుంటూ మా దాకా వచ్చేసరికి సన్నబడిపోతాయి. ఎండాకాలం మరమ్మతులకని కాలువలు కట్టేస్తే, ముందే చెరువు నింపుకున్న నీళ్ళే దిక్కు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక బోరు వేస్తే ఉప్పే. మా బోరు నీళ్ళలో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఒక పక్క గోదావరి, ఒక పక్క సముద్రం, ఇంట్లో మాత్రం ఇరవై లీటర్ల టిన్ను.

ఇదంతా చెప్పి, బావి దగ్గర యేసు నీళ్ళడిగిన సమరయ స్త్రీ కథ దగ్గరికి వెళ్ళి ముగిద్దామని నోట్సు రాసుకున్నాను. ఆ వారంలోనే అమ్మ పడిపోయింది.

ఒంటిపూట బడి కాబట్టి ఒంటిగంటకి ఇంటికొచ్చాను. అమ్మ వసారాలో చాప మీద పక్కకి ఒరిగి ఉంది. నన్ను చూసి "చెల్లాయ్" అంది. పిన్ని చనిపోయి ఏళ్ళయింది. అమ్మ నాలుక పిడచకట్టుకుపోయింది. ముంజేతి మీద చర్మం పట్టుకు వదిలితే ముడత పడి అలాగే నిలబడింది. పక్కన పొద్దున నేను పోసి పెట్టిన స్టీలు గ్లాసు. మూత కూడా తీయలేదు.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి కాస్త తేరుకుంది. "నీళ్ళెందుకు తాగలేదు మామ్మగారూ?" అని అడిగారు డాక్టరు గారు.

"దాహం వెయ్యలేదు బాబూ."

ఆయన నాకు విడిగా చెప్పారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఉప్పు శాతం పెరుగుతుంది, మెదడు అది పసిగట్టి దాహం వేయిస్తుంది. వయసు పైబడ్డాక ఆ కబురు సరిగ్గా అందదు. ఒళ్ళు ఎండిపోతున్నా నోటికి తెలియదు. "దాహం వేసిందా అని అడక్కండి. గడియారం చూసి పట్టండి."

ఆ రాత్రి అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సెలైన్ చుక్కలు చూస్తూ ఫోన్లో యోహాను సువార్త తీశాను. ఏడో అధ్యాయంలో యేసు పండుగ చివరి రోజున నిలబడి, ఎవడైనా దప్పిగొంటే నా దగ్గరికి రమ్మంటాడు. ఎన్నిసార్లు చదివానో. దప్పిగొంటే అన్నాడు. మరి దప్పే లేకపోతే?

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ళుగా ప్రార్థనలో నా నోరు కదులుతోంది, అంతే. పాటలు పాడతాను, కానుక వేస్తాను, సండే స్కూలు చెబుతాను. లోపల ఏ లోటూ తెలియదు. బాగానే ఉన్నాననుకున్నాను. అమ్మ కూడా పొద్దున బాగానే ఉన్నానంది.

42వ కీర్తనలో దుప్పి నీటివాగుల కోసం ఆశపడినట్టు నా ప్రాణం ఆశపడుతోంది అంటాడు. అక్కడ ప్రాణం అని మనం చదివే హెబ్రీ మాట నెఫెష్‌కి గొంతు అని కూడా అర్థం ఉందట, ఎప్పుడో బైబిలు క్లాసులో విన్నాను. మనమూ ప్రాణం గొంతులోకి వచ్చిందంటాం కదా. ఆ కీర్తన రాసినవాడి మీద నాకు మొదటిసారి అసూయ కలిగింది. అతనికి దాహం వేస్తోంది.

మైకు పట్టుకుని "ఆశ లేని ప్రార్థన దేవుడు వినడు" అనేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే, కానీ ఇన్నాళ్ళూ వాళ్ళకేం చెప్పాలో తెలియలేదు. మర్నాటి నుంచి అలారం పెట్టుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి ఒక కీర్తన, రాత్రి తొమ్మిదింటికి ఒకటి. ఇష్టంతో కాదు, మందు వేసుకున్నట్టు.

శుక్రవారం నా వంతు వచ్చేసరికి రెండు దాటింది. కరెంటు లేదు. అందరూ ఉపవాసం మీద ఉన్నారు, ముందు వరసలో పిల్లలు విసనకర్రలు లాక్కుంటున్నారు. నోట్సు మడిచి బైబిల్లో పెట్టేసి, అమ్మ గ్లాసు సంగతి చెప్పాను. నా రెండేళ్ళ సంగతీ చెప్పాను. సిలువ మీద ఆయనకి నిజంగానే గొంతు ఎండిందని, దేవుడి కుమారుడు కూడా ఒకరు అందిస్తే తప్ప తాగలేని స్థితిలో ఉన్నాడని, అందింది చిరకలో, అంటే పులిసిన ద్రాక్షారసంలో, ముంచిన స్పంజీయేనని చెప్పి కూర్చున్నాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మకి ఎన్నింటెన్నింటికి పడుతున్నావమ్మా? మా ఆయనా ఇంతే, అడిగితే తప్ప తాగడు" అంది. గంటగంటకీ అర గ్లాసు అని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. నాలుగింటికి గ్లాసు అందిస్తే అమ్మ మొహం తిప్పుకుంది.

"దాహం లేదమ్మాయ్."

"తెలుసమ్మా. తాగు."