ముడి ఫైలులో రంగు కనిపించదు

ఓరియన్ నీహారికను డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతో తీసి, ఆ ముడి ఫైలును, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన రా ఫైలును, కంప్యూటర్లో తెరిచి చూశాను. నీహారికా లేదు, రంగూ లేదు. తెరంతా దాదాపు నలుపు. బాగా పెద్దది చేసి చూస్తే చదరంగం బల్లలాంటి బూడిదరంగు గళ్లు. అసలు సరుకు అదేనని, దాన్ని చెడగొట్టకుండా కాపాడుకోవడమే ఈ పనిలో సగం శ్రమ అని పని చేస్తున్న కొద్దీ అర్థమైంది.

సెన్సర్‌కు రంగు తెలియదు. తన మీద ఎంత కాంతి పడిందో మాత్రమే లెక్కపెడుతుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ప్రకారం ఒక్కో పిక్సెల్ ముందు ఒక్కో రంగు ఫిల్టర్ ఉంటుంది. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ప్రతి పిక్సెల్‌కు లేని రెండు రంగులను పక్క పిక్సెళ్ల నుంచి అంచనా కట్టడమే డీబేయరింగ్. జేపెగ్ అడిగితే కెమెరా ఇదంతా తనకు తోచినట్టు చేసేసి, రంగుకు 256 మెట్లు మాత్రమే మిగిల్చి చేతిలో పెడుతుంది. 14 బిట్ల ముడి ఫైలులో 16,384 మెట్లుంటాయి. నీహారిక అంచుల్లోని పలచటి వాయువు ఆకాశపు వెలుగు కంటే కొద్ది మెట్లు మాత్రమే ఎక్కువ. జేపెగ్‌లో దాన్ని వెతుక్కోవడం వృథా.

వికారాబాద్ దాటాక ఒక మిత్రుడి పొలం ఉంది. చలికాలం అమావాస్య రోజుల్లో అక్కడికి వెళ్తాం. హైదరాబాద్ వెలుగు తూర్పున కొంత కనిపిస్తుంది కానీ, ఓరియన్ నడినెత్తికి దగ్గరగా వచ్చేసరికి దాని బెడద తగ్గుతుంది. కెమెరాను ల్యాప్‌టాప్‌కు తగిలించి, నిమిషం ఎక్స్‌పోజర్‌తో వందకు పైగా ఫ్రేములు ఫిట్స్ ఫార్మాట్‌లో దాచాను. ఖగోళ శాస్త్రవేత్తలు 1981 నుంచి వాడుతున్న ఫార్మాట్ ఇది. 24 మెగాపిక్సెళ్ల ఫ్రేము ఒకే పొరగా, 16 బిట్లలో దాస్తే 48 మెగాబైట్లు. రంగుల చిత్రంగా మార్చి దాస్తే 144. పెరిగిన 96 మెగాబైట్లలో కొత్త కాంతి ఒక్క చుక్క కూడా ఉండదు, అంతా అంచనా కట్టిన అంకెలే. కాబట్టి ఒకే పొర చాలు.

అసలు చిక్కు ఇంటికి వచ్చాక ఎదురైంది. ఫ్రేములను సిరిల్ అనే ఖగోళ చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో డీబేయర్ చేస్తే ఆకాశం వంగపండు రంగులోకి తిరిగింది, ఎర్రగా ఉండాల్సిన నీహారిక ఆకుపచ్చగా మారింది. నక్షత్రాలను పెద్దవి చేస్తే వాటి మీద ఇంకా గళ్లే. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే ఆకుపచ్చ పిక్సెళ్ల స్థానంలో ఎరుపు, నీలం పిక్సెళ్లను చదువుతున్నట్టు లెక్క. ఫిట్స్ ఫైలులో వరుసలను పై నుంచి కిందికి రాసే ప్రోగ్రాములున్నాయి, కింది నుంచి పైకి రాసేవీ ఉన్నాయి. ఎరుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ-నీలం అన్న అమరికను తలకిందులుగా చదివితే ఆకుపచ్చ-నీలం, ఎరుపు-ఆకుపచ్చ అవుతుంది. అమరికలు నాలుగే కాబట్టి ఊహాగానాలు మాని పరీక్ష పెట్టాను. మర్నాడు పట్టపగలు డాబా మీద ఎర్ర ప్లాస్టిక్ బకెట్‌ను అదే ప్రోగ్రాముతో ఫోటో తీసి, నాలుగు అమరికల్లోనూ తెరిచాను. ఒకదాంట్లో బకెట్ నీలమైంది, రెండింట్లో గళ్లు పడ్డాయి, మిగిలిన దాంట్లో బకెట్ బకెట్‌లా ఉంది. అదే ఖాయం చేశాను. కొత్త కెమెరా కొన్నా, ప్రోగ్రాము మార్చినా ముందు బకెట్ పరీక్షే.

డార్కులను (సెన్సర్ సొంత లోపాలను తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు), ఫ్లాట్‌లను (దుమ్ము మచ్చలు, అంచుల మసకను సరిచేయడానికి సమమైన వెలుగులో తీసేవి) వాడాల్సింది కూడా ఈ గళ్ల దశలోనే. చల్లబరిచే ఏర్పాటు లేని సెన్సర్‌లో కొన్ని పిక్సెళ్లు వేడికి ఊరికే వెలుగుతాయి. డీబేయరింగ్‌కు ముందు అది ఒక్క చుక్క. తర్వాతైతే చుట్టుపక్కలకు పాకి రంగు మరక అవుతుంది, ఇక దాన్ని తీసేయడం కష్టం. అందుకే సామాను సర్దే ముందు, అదే చలిలో, లెన్స్‌కు మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే నిమిషం ఎక్స్‌పోజర్‌తో డార్కులు తీస్తాం. ఆ సమయంలోనే తెచ్చుకున్న పులిహోర అయిపోతుంది. ఫ్లాట్‌లకు తెల్ల పంచెను రెండు మడతలు వేసి లెన్స్ మీద బిగించి, తెల్లవారుతున్న ఆకాశం వైపు తిప్పితే చాలు. ఫోకస్ రింగును మాత్రం ముట్టుకోకూడదు.

ఆ తర్వాతే డీబేయరింగ్, నక్షత్రాలను ఒకదానిపై ఒకటి కుదర్చడం, స్టాకింగ్, అంటే ఫ్రేములన్నిటినీ కలిపి ఒకే చిత్రం చేయడం. వంద ఫ్రేములు కలిపితే నాయిస్, అంటే చిత్రంలోని గరుకుదనం, పదోవంతుకు తగ్గుతుంది. ఉపగ్రహాల గీతలను సాఫ్ట్‌వేరే ఏరేస్తుంది.

కలిపాక వచ్చిన చిత్రం ఆకుపచ్చగా ఉంటుంది. ఇది లోపం కాదు, సెన్సర్‌కు ఆ రంగంటే కాస్త పక్షపాతం. స్లైడర్లు జరిపి కంటికి నచ్చేలా దిద్దే పద్ధతి నాకు నచ్చదు. సిరిల్ ఆ చిత్రంలోని నక్షత్రాలను గుర్తుపట్టి, గైయా అంతరిక్ష టెలిస్కోప్ తయారుచేసిన నక్షత్రాల కేటలాగ్‌లోని వాటి రంగులతో పోల్చి సమతూకం చేస్తుంది. ముందుగా ఆకాశపు వెలుగును తీసేసి, ఈ తూకం వేయించి, ఆపైనే స్ట్రెచ్ చేస్తాను, అంటే చీకట్లో దాగిన వివరాలను కంటికి కనిపించేలా వెలుగులోకి తెస్తాను. పచ్చదనం తీసే మీట ఒకటుంది కానీ ఓరియన్ దగ్గర దాన్ని గట్టిగా నొక్కకూడదు. నీహారిక నడిబొడ్డున ఆక్సిజన్ కాంతి నిజంగానే పచ్చ-నీలం మధ్య ఉంటుంది. ఎరుపు విషయం వేరు. హైడ్రోజన్ విడుదల చేసే 656.3 నానోమీటర్ల కాంతిలో చాలాభాగాన్ని మామూలు కెమెరాలోని ఫిల్టరే ఆపేస్తుంది. అందుకే నా నీహారిక గులాబీ రంగులోనే ఉంది. దాన్ని కుంకుమ రంగులోకి దిద్దలేదు. ఇంట్లో వాళ్లకు ఆ కుంకుమ రంగే ఇష్టం, అది వేరే సంగతి.

స్టాక్ చేసిన చిత్రాన్ని స్ట్రెచ్ చేయకముందే 32 బిట్ల ఫిట్స్‌గా ఒక ప్రతి దాచాను. అది ఒక్కటే 288 మెగాబైట్లు. దాంతోపాటు ముడి ఫ్రేములు, డార్కులన్నీ కలిపి చేసిన మాస్టర్ డార్క్, అలాగే చేసిన మాస్టర్ ఫ్లాట్ కూడా హార్డ్ డిస్కులో ఉన్నాయి. మధ్యలో పుట్టుకొచ్చిన రంగుల ఫ్రేములన్నీ తీసేశాను, కావాలంటే వాటిని ఎప్పుడైనా మళ్లీ తయారు చేసుకోవచ్చు. నడిబొడ్డున ఉన్న ట్రపీజియం నక్షత్రాలు మాత్రం నిమిషం ఎక్స్‌పోజర్‌కు తెల్లగా మాడిపోయాయి. ఏ స్ట్రెచ్‌తోనూ అవి వెనక్కి రావు. వాటి కోసం కొన్ని సెకన్ల ఫ్రేములు విడిగా తీయాలి, వాటికి తగిన డార్కులు కూడా.