శిక్ష మెడూసాకే ఎందుకు?

గ్రీకు దేవుళ్లకి పుట్టిన పిల్లల కథ ‘పెర్సీ జాక్సన్ అండ్ ది ఒలింపియన్స్’ టీవీ సిరీస్‌లో ఆనబెత్ పాత్రకి లియా జెఫ్రీస్ అనే నల్లజాతి అమ్మాయిని తీసుకున్నారని 2022లో తెలియగానే, పుస్తకంలో ఆ పిల్లది బంగారు రంగు జుట్టు కదా అంటూ చాలామంది పెద్దవాళ్లు విరుచుకుపడ్డారు. అప్పటికి ఆ అమ్మాయికి పన్నెండేళ్లు. ఆ పుస్తకాల రచయిత రిక్ రియోర్డన్ ఆమె తరఫున గట్టిగా నిలబడ్డారు. ఆ పని నాకెంతో నచ్చింది.

మా అమ్మాయి కళ్లు మాత్రం కథానాయకుడు పెర్సీ స్నేహితుడు గ్రోవర్ మీదే. ఆ పాత్ర వేసింది ఆర్యన్ సింహాద్రి. ఆ పేరు కనబడగానే రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పి, “అమ్మా, మన పేరులా ఉందే!” అంది. అమెరికా టీవీలో మన పిల్లలంటే చాలాకాలం లెక్కలు బాగా చేసేవాళ్లు, లేదా యాసతో నవ్వించేవాళ్లు. ఇక్కడ గ్రోవర్ పెర్సీని కాపాడాల్సిన వాడు. ఏ వివరణా లేకుండా మామూలు పిల్లాడిలా మాట్లాడతాడు. నాకు కావలసింది అదే.

అయితే మా ఇంట్లో పెద్ద చర్చ లేచింది మూడో ఎపిసోడ్ మీద. అందులో, శాపంతో జుట్టంతా పాములై, చూసినవాళ్లని రాయి చేసే రాక్షసిగా మారిన మెడూసా తన కథ తానే చెప్పుకుంటుంది. సముద్రదేవుడు పొసైడన్ ఆమె జీవితంలోకి వచ్చాడు, జ్ఞానదేవత ఎథీనా మాత్రం శిక్ష ఆమెకే వేసింది. వింటున్నది ఎవరు? పొసైడన్ కొడుకు పెర్సీ, ఎథీనా కూతురు ఆనబెత్! రోమన్ కవి ఆవిడ్ రాసిన కథలోనైతే అది బలాత్కారమే.

“తప్పు ఆయనది కదా, శిక్ష ఆవిడకెందుకు?” అని మా అమ్మాయి పట్టుకుంది. నేను అహల్య కథ ఎత్తుకున్నాను. గౌతముడి వేషంలో వచ్చింది ఇంద్రుడు, రాయైపోయింది అహల్య. నిజానికి వాల్మీకంలో రాయి లేదు. ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి ఉండమని శాపం. ఆమె ఇంద్రుణ్ణి గుర్తుపట్టిందనీ వాల్మీకి రాశాడు. తర్వాత చెప్పినవాళ్లలో కొందరు, ఆమె మోసపోయిందన్నారు. ఇవన్నీ దాచకుండా చెప్పాను.

పురాణాలు మార్చేస్తున్నారని మా స్నేహితుల్లో కొందరు బాధపడతారు. ‘మాయాబజార్’ శశిరేఖ వ్యాసభారతంలో ఎక్కడుంది? అయినా ఆమె మనింటి పిల్లే. కథ మారినందుకు నాకు దిగులు లేదు. దేవుళ్ల తప్పులన్నీ కడిగేసి పిల్లలకి చూపిస్తేనే నాకు కోపం. 1997 నాటి డిస్నీ ‘హెర్క్యులిస్’లో, గ్రీకు కథల్లో హెర్క్యులిస్‌ని జీవితాంతం వేధించిన సవతి తల్లి హేరా, అతని కన్నతల్లి అయిపోయింది. అలా చూపిస్తే పిల్లలు అడగడానికి ఏం మిగులుతుంది?

వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మ, ఇంద్రుడికీ శాపం తగిలిందని చెప్పింది. “మరి ఇంకా ఆయనే రాజెందుకు, అమ్మమ్మా?” అని అడిగింది ఇది. మా అమ్మ కాసేపు ఆలోచించి, “అడగాల్సిన మాటే. నన్నెవరూ అడగనివ్వలేదు” అంది.